పెరటి చెట్టు: జార్జ్ రేనర్ ఫుట్‌బాల్ జీవితం

1958 జూన్ 29. స్టాక్‌హోమ్‌ను ఆనుకుని ఉన్న సోల్నాలో, రాసుండా స్టేడియంలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు బ్రెజిల్, మరొకవైపు ఆతిథ్య దేశం స్వీడన్. పదిహేడేళ్ళ పెలే రెండు గోల్స్ చేసిన మ్యాచ్ కాబట్టి, దాని గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది పెలే గురించే రాశారు. ఓడిన జట్టుకు శిక్షణ ఇచ్చిన యాభై ఒక్క ఏళ్ళ మనిషిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అతను స్వీడన్ దేశస్థుడు కాడు. ఇంగ్లండులోని యార్క్‌షైర్ బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టినవాడు. పేరు జార్జ్ రేనర్. ఒక దేశపు జట్టును ప్రపంచకప్ ఫైనల్ దాకా నడిపించిన మొదటి ఆంగ్లేయుడు అతనే. ఇంగ్లండ్ సొంత జట్టు ఆల్ఫ్ రామ్సే ఆధ్వర్యంలో ఫైనల్ చేరడానికి ఇంకా ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆ ఏడాది తిరగకముందే రేనర్ ఇంగ్లండ్ తూర్పు తీరంలోని స్కెగ్నెస్ అనే చిన్న ఊరికి చేరాడు. పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో ఫుట్‌బాల్ ఆడే స్థానిక జట్టుకు శిక్షకుడయ్యాడు. అదే ఊళ్ళో బట్లిన్స్ వాళ్ళ వేసవి విడిది శిబిరంలో స్టోర్లు చూసుకునే ఉద్యోగం కూడా చేశాడు. స్వీడన్ రాజు నుంచి నైట్ గౌరవం అందుకున్న మనిషికి స్వదేశంలో దొరికిన స్థానం అది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న మన సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదేమో అనిపిస్తుంది. రేనర్ గురించి రాసిన ఆంగ్ల రచయితలు కూడా దాదాపు ఇదే మాట తమ పద్ధతిలో చెప్పారు. అయితే అతని జీవితాన్ని కాస్త నిదానంగా చూస్తే, సామెత చెప్పేది సగం నిజమేనని తెలుస్తుంది. మిగతా సగం చెట్టుకు సంబంధించింది కాదు, నేలకు సంబంధించింది.

ఆటగాడిగా, సైనికుడిగా

రేనర్ 1907 జనవరి 13న బార్న్స్‌లీ దగ్గరి హోయ్‌లాండ్‌లో పుట్టాడు. కుడి అంచున ఆడే వింగర్. షెఫీల్డ్ యునైటెడ్, మాన్స్‌ఫీల్డ్ టౌన్, రోదరమ్, బరీ, ఆల్డర్‌షాట్ క్లబ్బుల్లో 1930 నుంచి యుద్ధం మొదలయ్యేదాకా ఆడాడు. ఇంగ్లండ్ జట్టులో స్థానం ఏనాడూ రాలేదు. రెండవ ప్రపంచయుద్ధం రాకపోయి ఉంటే, అప్పటి వందలాది సాధారణ ఆటగాళ్ళలాగే అతని పేరూ పాత స్కోరు పట్టికల్లో మిగిలిపోయేది.

యుద్ధకాలంలో సైన్యంలో వ్యాయామ శిక్షకుడిగా అతన్ని ఇరాక్ పంపారు. బాగ్దాద్‌లో స్థానిక యువకులను కూడగట్టి ఒక ఫుట్‌బాల్ జట్టును తయారుచేశాడు. ఎదుటివాళ్ళ భాష రాదు. వాళ్ళకు తెలిసిన ఆట కొద్దిపాటిదే. అలాంటివాళ్ళకు చేసి చూపించి, మళ్ళీ మళ్ళీ చేయించి నేర్పాల్సి వచ్చింది. ఆట ఆడటం వేరు, నేర్పడం వేరు అన్న సంగతి అతనికి అక్కడే బోధపడింది. ఆ పని గురించిన మాట ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి స్టాన్లీ రౌస్ చెవిన పడింది.

యుద్ధం ముగిశాక రేనర్ ఆల్డర్‌షాట్ క్లబ్బులో రిజర్వ్ జట్టు ట్రెయినర్‌గా చేరాడు. అప్పటి ఇంగ్లండులో ట్రెయినర్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. ఆటగాళ్ళను మైదానం చుట్టూ పరుగెత్తించడం, కండరాలు మర్దనా చేయడం, మ్యాచ్‌లో ఎవరైనా పడిపోతే నీళ్ళ బకెట్టూ స్పాంజీ పట్టుకుని పరుగెత్తడం అతని పనులు. ఆట ఎలా ఆడాలో చెప్పడం అతని పని కాదు. అసలు ఎవరి పనీ కాదు. ఫుట్‌బాల్ ఆటగాడు పుడతాడే తప్ప తయారు కాడని గట్టి నమ్మకం. వారం పొడుగునా బంతి కనబడకుండా చేస్తే శనివారం మ్యాచ్‌లో దానికోసం ఆకలిగొన్నట్టు ఆడతారని వాదించిన క్లబ్బులు కూడా ఉండేవి. యుద్ధానికి ముందే జిమ్మీ హోగన్ అనే మరొక ఆంగ్లేయుడు ఆస్ట్రియాలో, హంగరీలో శిక్షకుడిగా గొప్ప పేరు తెచ్చుకుని, స్వదేశానికి వస్తే ఆదరణ దొరకక ఇబ్బందిపడ్డాడు. రేనర్‌కు ముందే ఆ దారి పడి ఉంది.

స్వీడన్ పిలుపు

1946లో స్వీడన్ ఫుట్‌బాల్ సమాఖ్యకు శిక్షకుడు కావలసి వచ్చింది. రౌస్ రేనర్ పేరు సూచించాడు. ఆల్డర్‌షాట్ రిజర్వ్ జట్టు నుంచి ఒక్కసారిగా ఒక దేశపు జాతీయ జట్టుకు. ఇంగ్లండులో అలాంటి నియామకం ఊహకు కూడా అందనిది. స్వీడన్ వాళ్ళకు మాత్రం పేరున్న ఆటగాడు అక్కరలేదు. నేర్పగలవాడు కావాలి.

యుద్ధంలో తటస్థంగా ఉండటం వల్ల స్వీడన్‌లో ఆట ఆగలేదు. మంచి ఆటగాళ్ళ తరం ఒకటి తయారుగా ఉంది. వాళ్ళంతా అమెచ్యూర్లు. గోల్స్ వర్షం కురిపించే గున్నార్ నోర్దాల్ అగ్నిమాపక దళంలో ఉద్యోగి. జట్టు ఎంపిక రుడాల్ఫ్ కోక్ అధ్యక్షుడిగా ఉన్న ఎంపిక సంఘం చేతిలో ఉండేది. రేనర్ పని తయారీ. జాతీయ జట్టుతో పాటు స్టాక్‌హోమ్‌లోని ఏఐకే వంటి క్లబ్బుల్లో కూడా అతను శిక్షణ ఇచ్చేవాడు. అంటే జాతీయ జట్టు సమావేశమయ్యే ఆ కొద్ది రోజుల్లోనే కాక, ఏడాది పొడుగునా అతను దేశపు ఫుట్‌బాల్ మధ్యనే బతికాడు. కోక్‌తో అతనికి పొత్తు కుదిరింది. ఒకరు మనుషులను ఎన్నుకుంటే, మరొకరు వాళ్ళను జట్టుగా మలిచారు.

రెండేళ్ళలో ఫలితం కనిపించింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వీడన్ ఆస్ట్రియాను 3-0తో, దక్షిణ కొరియాను 12-0తో ఓడించింది. సెమీఫైనల్లో డెన్మార్క్ మీద 4-2తో గెలిచింది. ఆ సెమీఫైనల్లో జరిగిన ఒక సంఘటన ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వీడన్ దాడి చేస్తుండగా, తాను ఆఫ్‌సైడ్ స్థానంలో చిక్కుకున్నానని గమనించిన నోర్దాల్, గోలు గీత దాటి నేరుగా డెన్మార్క్ గోలు వలలోకి దూకేశాడు. మైదానం బయట ఉన్నవాడు ఆటలో లేనట్టే కదా! మరుక్షణం హెన్రీ కార్ల్‌సన్ తలతో కొట్టిన బంతి గోలులోకి వచ్చింది. వలలో నిలబడి ఉన్న నోర్దాలే దాన్ని చేతులతో పట్టుకున్నాడు. గోలు చెల్లింది.

ఆగస్టు 13న వెంబ్లీలో జరిగిన ఫైనల్లో యుగొస్లావియా మీద 3-1తో స్వీడన్ బంగారు పతకం గెలుచుకుంది. గున్నార్ గ్రెన్ రెండు, నోర్దాల్ ఒకటి చేశారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌కు గుడిలాంటి మైదానంలో ఒక ఆంగ్లేయుడు విదేశీ జట్టుకు బంగారు పతకం సాధించి పెట్టాడు. స్వదేశంలో ఏ పెద్ద క్లబ్బూ అతని కోసం కబురు పంపలేదు.

జట్టు పోయిన శిక్షకుడు

గెలుపు వెంటే నష్టమూ వచ్చింది. 1949లో నోర్దాల్, గ్రెన్, నిల్స్ లీడ్‌హోల్మ్ ముగ్గురినీ ఇటలీలోని ఏసీ మిలన్ కొనుక్కుంది. ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి ఇటాలియన్లు ‘గ్రె-నొ-లి’ అని పిలుచుకున్నారు. 1951లో మిలన్‌ను ఇటలీ ఛాంపియన్‌గా నిలిపింది వాళ్ళే. మిగతావాళ్ళలో కూడా పలువురు అదే దారి పట్టారు. డబ్బు తీసుకుని ఆడేవాడికి స్వీడన్ జాతీయ జట్టులో చోటు లేదన్నది అప్పటి నియమం. అలా ఒలింపిక్ విజేతలలో ముఖ్యులంతా రేనర్ చేతుల్లోంచి జారిపోయారు.

అతని అసలు ప్రతిభ తెలిసింది ఇక్కడే. ఉన్న గొప్ప ఆటగాళ్ళను ఆడించడం చాలామందికి చేతనవుతుంది. వాళ్ళు వెళ్ళిపోయాక ఏడాదిలో మరో జట్టును నిలబెట్టడం కొద్దిమందికే సాధ్యం. 1949 మే నెలలో ఇంగ్లండ్ జట్టు స్టాక్‌హోమ్ వస్తే, స్వీడన్ 3-1తో ఓడించింది. 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచకప్‌కు వెళ్ళే సమయానికి రేనర్ దగ్గర లెనార్ట్ స్కోగ్లుండ్, హన్స్ యెప్సన్ వంటి కొత్తవాళ్ళు ఉన్నారు.

ఆ ప్రపంచకప్‌లో స్వీడన్ ఉన్న గ్రూపుకూ మనకూ ఒక సంబంధం ఉంది. అందులో ఇటలీ, పరాగ్వేలతో పాటు నాలుగో జట్టు భారతదేశం. మన జట్టు వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వనందువల్ల వెళ్ళలేదన్న కథ బాగా ప్రచారంలో ఉన్నా, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అప్పట్లో చెప్పిన కారణాలు జట్టు ఎంపికలో భేదాభిప్రాయాలు, సాధనకు సమయం చాలకపోవడం. వెళ్ళి ఉంటే మనవాళ్ళు రేనర్ జట్టును ఎదుర్కొని ఉండేవారు.

మూడు జట్లే మిగిలిన ఆ గ్రూపులో స్వీడన్ తొలి మ్యాచ్‌లోనే ఇటలీని 3-2తో ఓడించింది. ఇటలీ 1934, 1938 ప్రపంచకప్‌ల విజేత. నిజమే, 1949 మే 4న ట్యూరిన్ దగ్గర సుపెర్గా కొండపై జరిగిన విమాన ప్రమాదంలో టొరినో క్లబ్బు జట్టంతా చనిపోవడంతో ఇటలీ బాగా దెబ్బతిని ఉంది. అయినా, అమెచ్యూర్లతో సాధించిన ఆ గెలుపు చిన్నది కాదు. తుది దశలో బ్రెజిల్ చేతిలో 7-1తో చిత్తుగా ఓడిన స్వీడన్, ఉరుగ్వే మీద చివరి పావుగంట దాకా ఆధిక్యంలో ఉండి 3-2తో ఓడింది. స్పెయిన్‌ను 3-1తో గెలిచి మూడో స్థానంలో నిలిచింది. అదే పోటీలో ఇంగ్లండ్ అమెరికా చేతిలో 1-0తో ఓడి ఇంటిదారి పట్టింది.

ఇటలీ క్లబ్బులు మళ్ళీ వచ్చాయి. స్కోగ్లుండ్‌తో సహా ఈ రెండో జట్టును కూడా కొనుక్కుపోయాయి. రేనర్ మూడో జట్టును తయారుచేశాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో అది కంచు పతకం తెచ్చింది.

బుడాపెస్ట్, పది రోజుల తరవాత వెంబ్లీ

ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా గొప్ప జట్టు హంగరీ. హెల్సింకీ సెమీఫైనల్లో స్వీడన్‌ను 6-0తో ఓడించింది కూడా వాళ్ళే. 1953 నవంబరు 15న రేనర్ జట్టు బుడాపెస్ట్ వెళ్ళి వాళ్ళతో ఆడి, 2-2తో సమంగా నిలిచింది. ఏడాదిన్నరలో ఆరు గోళ్ళ తేడాను పూడ్చింది వ్యూహమే.

హంగరీ ఆటకు కీలకం పుష్కాష్ అని అందరూ అనుకునేవారు. రేనర్ చూపు మాత్రం నాందొర్ హిదెగ్‌కుతి మీద నిలిచింది. తొమ్మిదో నంబరు చొక్కా వేసుకున్నా, అతను ఎదుటి గోలు దగ్గర నిలబడే సెంటర్ ఫార్వర్డ్ కాడు. వెనక్కి జరిగి మధ్య మైదానంలో ఉంటూ దాడులన్నిటినీ నడిపించేవాడు. అతని వెంట ప్రత్యర్థి సెంటర్ హాఫ్ వెళితే వెనక ఖాళీ ఏర్పడుతుంది. వెళ్ళకపోతే అతనికి అడ్డే ఉండదు. అందుకే అతన్ని నీడలా వెంటాడే బాధ్యతను విడిగా ఒకరికి అప్పగించి, మిగతా రక్షణ చెదరకుండా చూడాలని రేనర్ నిర్ణయించాడు. లక్షణాలు ఎక్కడ కనిపించినా, రోగమూలం ఎక్కడుందో వెతికే పద్ధతి అది.

ఇంగ్లండ్ జట్టు మేనేజర్ వాల్టర్ వింటర్‌బాటమ్ ఆ మ్యాచ్ చూశాడు. హిదెగ్‌కుతిని విడిచిపెట్టవద్దన్నది రేనర్ సలహా. పది రోజుల తరవాత, నవంబరు 25న వెంబ్లీలో హంగరీతో ఇంగ్లండ్ ఆడింది. తన స్థానం వదిలి వెళ్ళడానికి సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్ ఇష్టపడలేదు. మరెవరికీ ఆ పని గట్టిగా అప్పగించలేదు. మొదటి నిమిషంలోనే హిదెగ్‌కుతి గోలు చేశాడు. మొత్తం మూడు చేశాడు. 6-3తో ఇంగ్లండ్ ఓడింది. బ్రిటిష్ దీవులకు వెలుపలి జట్టు చేతిలో ఇంగ్లండ్ స్వదేశంలో ఓడటం అదే మొదటిసారి.

దీన్ని కేవలం అహంకారం అనుకుంటే విషయం పూర్తిగా అర్థం కాదు. వింటర్‌బాటమ్ చదువుకున్నవాడు, శిక్షణ విలువ తెలిసినవాడు. కానీ జట్టును ఎంపిక చేసేది అతను కాదు, క్లబ్బుల పెద్దలతో నిండిన కమిటీ. ఆటగాళ్ళు అతనికి దొరికేది మ్యాచ్‌కు ముందు కొద్ది రోజులు మాత్రమే. అలాంటి చోట మంచి సలహా వచ్చినా, దాన్ని సాధనగా మార్చే యంత్రాంగం లేదు.

ఇటలీ, కొవెంట్రీ, మళ్ళీ స్వీడన్

1954 ప్రపంచకప్‌కు స్వీడన్ అర్హత పొందలేదు. రేనర్ ఇటలీ వెళ్ళి యువెంటస్‌లో కొద్దికాలం, తరవాత రోమ్‌లోని లాజియోలో పనిచేశాడు. డబ్బూ ఒత్తిడీ రాజ్యమేలే ఆ క్లబ్బుల్లో అతను ఎక్కువ కాలం నిలవలేదు. 1955లో ఇంగ్లండ్ మూడో డివిజన్ క్లబ్బు కొవెంట్రీ సిటీలో జెస్సీ కార్వర్‌కు సహాయకుడిగా చేరాడు. కార్వర్ కూడా ఇటలీలో పేరు తెచ్చుకున్న ఆంగ్లేయుడే. కొన్ని నెలలకు అతను వెళ్ళిపోవడంతో రేనర్ మేనేజర్ అయ్యాడు. అదే వేసవిలో మరొకరిని తెచ్చి అతన్ని మళ్ళీ సహాయకుణ్ణి చేశారు. రెండు ఒలింపిక్ పతకాలు, ప్రపంచకప్ మూడో స్థానం ఉన్న మనిషికి ఇంగ్లండ్ మూడో డివిజన్‌లో కుదురు దొరకలేదు.

అతను స్వీడన్ వెళ్ళిపోయాడు. 1958 ప్రపంచకప్ వాళ్ళ గడ్డమీదే. ఈసారి సమాఖ్య పాత నియమాన్ని సడలించి, విదేశాల్లో డబ్బుకు ఆడుతున్నవాళ్ళకు కూడా తలుపు తెరిచింది. లీడ్‌హోల్మ్, స్కోగ్లుండ్, కుర్త్ హమ్రీన్ ఇటలీ నుంచి వచ్చారు. అప్పటికే తిరిగివచ్చి ఉన్న గ్రెన్ వాళ్ళతో కలిశాడు. లీడ్‌హోల్మ్ వయసు 35, గ్రెన్ వయసు 37. ముసలి జట్టని నవ్వినవాళ్ళున్నారు. పరుగు తగ్గినవాళ్ళ ఆలోచన చుట్టూ, హమ్రీన్, స్కోగ్లుండ్‌ల వేగాన్ని రెండు అంచుల్లో అమర్చాడు రేనర్.

మెక్సికో, హంగరీల మీద గెలుపు, వేల్స్‌తో డ్రా, గ్రూపులో మొదటి స్థానం. జూన్ 17న ఇంగ్లండును 1-0తో ఇంటికి పంపిన సోవియట్ యూనియన్‌ను, రెండు రోజుల తరవాత క్వార్టర్‌ఫైనల్లో స్వీడన్ 2-0తో ఓడించింది. ఇంగ్లండ్ ఆ ఫిబ్రవరిలో మ్యూనిక్ విమాన ప్రమాదంలో డంకన్ ఎడ్వర్డ్స్ వంటి ఆటగాళ్ళను పోగొట్టుకుందన్న సంగతి మరవకూడదు. సెమీఫైనల్లో, గత విజేత పశ్చిమ జర్మనీ మీద 3-1. ఫైనల్‌కు ముందు, బ్రెజిల్ మీద తొలి గోలు పడితే వాళ్ళు బెంబేలెత్తుతారని రేనర్ అన్నాడు. నాలుగో నిమిషంలో లీడ్‌హోల్మ్ ఆ గోలు చేశాడు కూడా. బ్రెజిల్ బెంబేలెత్తలేదు. 5-2తో గెలిచింది. 1950లో చూసిన బ్రెజిల్‌ను బట్టి వేసిన అంచనా ఎనిమిదేళ్ళలో పాతబడింది. ఈ పొరపాటు కూడా అతని చరిత్రలో భాగమే.

ఇంటికి వచ్చిన తరవాత

ఆ విజయంతో స్వదేశంలో దారులు తెరుచుకుంటాయని రేనర్ ఆశించాడు. దొరికింది స్కెగ్నెస్.

అక్కడ ఉండగానే అతని కథలో అతి విచిత్రమైన ఘట్టం జరిగింది. 1959 అక్టోబరు 28న వెంబ్లీలో ఇంగ్లండ్ మీద స్వీడన్ 3-2తో గెలిచింది. ఆగ్నె సీమొన్సొన్ రెండు గోల్స్ చేశాడు. హంగరీ తరవాత వెంబ్లీలో ఇంగ్లండును ఓడించిన విదేశీ జట్టు అదే. ఆ మ్యాచ్‌కు స్వీడన్‌ను సిద్ధం చేసింది స్కెగ్నెస్ జట్టు శిక్షకుడు! గెలిచినందుకు తృప్తి కలిగినా, ఇదే పని తాను పుట్టిన దేశానికి చేసి ఉంటే ఎంతో బాగుండేదని అతను బాధపడ్డాడు. 1960లో వచ్చిన అతని ఆత్మకథ ‘ఫుట్‌బాల్ అంబాసడర్ ఎట్ లార్జ్’లో ఆ వేదన దాచుకోలేదు. ఎన్నో దేశాలు పిలుస్తున్నా తాను పనిచేయాలనుకునేది ఇంగ్లండులోనే, ఇంగ్లండ్ కోసమేనని చెప్పుకున్నాడు. ఆ ధోరణిలో స్వోత్కర్ష కూడా లేకపోలేదు. తనంతట తానే తన రికార్డు చదివి వినిపించుకోవలసిన స్థితి అతనిది.

1963లో ఇంగ్లండ్ మేనేజర్ పదవి చేపట్టేటప్పుడు ఆల్ఫ్ రామ్సే ఒక షరతు పెట్టాడు: జట్టు ఎంపిక పూర్తిగా తన చేతిలోనే ఉండాలి. కమిటీ తప్పుకుంది. మూడేళ్ళకు ప్రపంచకప్ వచ్చింది. నేల మారాక చెట్టు కాసింది. అప్పటికి రేనర్‌కు దాదాపు అరవై. 1967-68 కాలంలో డాన్‌కాస్టర్ రోవర్స్ అనే చిన్న క్లబ్బు అతన్ని మేనేజర్‌గా పిలిచింది. అక్కడా కుదరలేదు. ఏడాదిలోపే పంపించేశారు. 1985 నవంబరులో అతను చనిపోయాడు.

అంతా ఇంగ్లండ్ అంధత్వమే అని తేల్చేస్తే కథ సులువవుతుంది. కానీ క్లబ్బులలో రేనర్ వైఫల్యాలు ఇంగ్లండుకే పరిమితం కాలేదు, ఇటలీలోనూ ఉన్నాయి. తొందరపెట్టని సమాఖ్య, మాట వినే అమెచ్యూర్లు, ఎంపికలో సహకరించే సహచరుడు ఉన్నచోట అతను రాణించాడు. ఈ మూడూ లేనిచోట అతని విద్య పారలేదు.

హైదరాబాదు చరిత్ర ఇదే సంగతిని ఎదుటి వైపు నుంచి చూపిస్తుంది. హెల్సింకీలో రేనర్ జట్టు కంచు పతకం గెలిచిన ఒలింపిక్స్‌లోనే భారత జట్టు యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఒక హైదరాబాదీ బడిపంతులు. ఆయనకు సొంత ఊళ్ళోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి పదవి, వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు చేతిలో ఉన్నాయి. నేర్చుకున్నది నేర్పడానికి చోటుంది. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో అదే భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. రహీమ్ పెరటి చెట్టే. పెరటిలోనే కాసింది.

స్వీడన్ రేనర్‌తో ఆగలేదు. 1970లలో బాబ్ హౌటన్, రాయ్ హాడ్జ్‌సన్ అనే మరో ఇద్దరు ఆంగ్లేయులను పిలుచుకుంది. హౌటన్ 1979లో మాల్మో క్లబ్బును యూరోపియన్ కప్ ఫైనల్‌కు చేర్చాడు. అదే హౌటన్ 2006 నుంచి 2011 దాకా భారత జట్టుకు శిక్షకుడిగా ఉన్నాడు. ఏ దేశంవాడన్నది కాక, ఏమి నేర్పగలడన్నది చూసి పిలిచే అలవాటు స్వీడన్‌కు 1946లోనే ఉంది. ఆల్డర్‌షాట్ రిజర్వ్ జట్టు దగ్గర బకెట్టు మోస్తున్న మనిషికి ప్రపంచకప్ ఫైనల్ దాకా దారి దొరికింది ఆ అలవాటు వల్లే.